అంగుళమే అడుగైన ఇల్లు

చెప్పుల పెట్టె హాలవుతుంది. శుభలేఖ తలుపవుతుంది. టూత్‌పేస్టు మూత కుక్కరవుతుంది. ఓ కత్తెర, కాస్త జిగురు, పక్కన పిల్లలు ఉంటే చాలు... బొమ్మల కాపురానికి కావలసిన సామానంతా ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు.

బొమ్మల దుకాణానికి వెళ్తే గులాబీ రంగు బొమ్మరిల్లు ఒకటి కచ్చితంగా కనిపిస్తుంది. అందులో చలి కాచుకునే నిప్పుగూడు ఉంటుంది. తెల్లటి స్నానపు తొట్టె, మెలికలు తిరిగిన మెట్లు, కిటికీలకు జాలరు తెరలు కూడా ఉంటాయి. పూజగది మాత్రం ఉండదు. మంచినీళ్ల క్యాను, వంటగట్టు మీద మిక్సీ, బాల్కనీలో బట్టలారేసే తీగ, గుమ్మానికి మామిడాకుల తోరణం, తలుపు వెనక వేలాడే సంచులు... ఏవీ ఉండవు. వేలకు వేలు పోసి కొన్నా అది ఎవరి ఇల్లో! విజయవాడలోనో వరంగల్‌లోనో రెండు పడగ్గదుల ఫ్లాటులో పెరిగే పిల్లకి అందులో తెలిసిన వస్తువు ఒక్కటీ దొరకదు.

ఇంట్లో చేసే బొమ్మ సామాను గొప్పదనం ఇక్కడే ఉంది. ఖర్చు తక్కువన్నది నిజమే కానీ అసలు లాభం అది కాదు. బుల్లి మంచం చేయాలంటే ముందు ఇంట్లో మంచం వైపు చూడాలి. దానికి కోళ్లెన్ని, పట్టెలు ఎక్కడ కలుస్తాయి, ఎత్తు ఎంత అని కొలవాలి. రోజూ చూస్తున్న ఇంటినే పిల్లలు మొదటిసారి పట్టి చూసేది అప్పుడే. ఆ చూపు డబ్బా మీది ధర చీటీతో రాదు.

పెద్దల ముచ్చటగా మొదలై...

యూరప్‌లో బొమ్మరిల్లు పిల్లల కోసం పుట్టలేదు. 16వ శతాబ్దం నడుమ బవేరియా ప్రభువు ఐదో ఆల్‌బ్రెక్ట్ చేయించుకున్న ఇల్లే రికార్డుల్లో దొరికే తొలి బొమ్మరిళ్లలో ఒకటి. అది సంపన్నుల దర్పం. ఆ తర్వాతి శతాబ్దంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఇలాంటివి ఆడపిల్లలకు ఇంటి నిర్వహణ నేర్పే పాఠాలయ్యాయి. ఏ గిన్నె ఎక్కడుండాలి, పనివాళ్లకు ఏ పని చెప్పాలి అన్నది బొమ్మ వంటింట్లో చూపించేవారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రోనెల్లా ఓర్ట్‌మన్ అనే సంపన్న గృహిణి 1686 నుంచి చాలా ఏళ్లపాటు బీరువాలో అమర్చిన తన బొమ్మరింటిని అలంకరిస్తూనే ఉంది. బుల్లి పింగాణీ సామాను చైనా నుంచి తెప్పించింది. ఆ ఒక్క బీరువాకు పెట్టిన సొమ్ముతో నగరంలో కాలువ గట్టున నిజమైన ఇల్లే వచ్చేదట. ఇప్పుడది అక్కడి రెయిక్స్‌మ్యూజియంలో ఉంది. అందులో ఏ చిన్నారీ గిన్నెలు బోర్లించి ఆడుకుని ఉండదు.

ఇంగ్లండ్ రాణి మేరీ కోసం 1921-24 మధ్య కట్టిన బొమ్మరిల్లు ఈ పిచ్చికి పరాకాష్ఠ. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, దీపాలు వెలుగుతాయి, లిఫ్టు నడుస్తుంది. గ్రంథాలయంలో అగ్గిపెట్టె కన్నా చిన్న పుస్తకాలు... షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయల్ దాని కోసమే ఓ చిట్టి కథ రాసిచ్చాడు. 1924లో వెంబ్లీ ప్రదర్శనలో పెడితే జనం బారులు తీరారు. ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. దాని నమూనా గీసిన ఎడ్విన్ లుట్యెన్స్ మనకు కొత్తవాడేమీ కాదు. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌నూ, ఏడో నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌నూ రూపకల్పన చేసింది ఆయనే. అంతటి భవనాలు కట్టిన చేత్తోనే అంగుళాల లెక్కన గదులు గీశాడు.

బొమ్మరిల్లు నిజంగా పిల్లల చేతికి వచ్చింది ధర దిగినప్పుడే. బార్బీ బొమ్మ 1959లో వస్తే, దాని మొదటి 'డ్రీమ్ హౌస్' 1962లో వచ్చింది. ఇప్పటి ప్లాస్టిక్ మేడలను చూసి దాన్ని ఊహించుకోకండి. అది మడతపెట్టే అట్ట ఇల్లు! కుర్చీలు, మంచం కూడా అట్టవే. ప్రపంచంలో పేరుమోసిన బొమ్మరింటి మొదలూ మన కొరియర్ పెట్టె సరుకే.

మన దగ్గర అంతా ఆటే

మన సంప్రదాయంలో బొమ్మ సామాను అద్దాల బీరువాలోకి వెళ్లలేదు, పెరట్లోకి వచ్చింది. లక్కపిడతల్లో అటుకులు, బెల్లం వేసి గుజ్జనగూళ్లు వండటం, బువ్వాలాటలో ఒకరికొకరు ఉత్తుత్తి అన్నం వడ్డించుకోవడం, తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూడు కట్టడం... వీటికి సామాను ఎవరూ కొనేవారు కాదు. కొబ్బరి చిప్ప, చింతగింజలు, పగిలిన గాజులు, బాదం ఆకులు ఎక్కడివక్కడే దొరికేవి. బొమ్మల పెళ్లి అయితే రెండిళ్ల వ్యవహారం. మగపెళ్లివారు, ఆడపెళ్లివారు, విడిది, అప్పగింతలు, చివర్న నిజం పప్పన్నంతో విందు. ఎన్నో ఇళ్లలో అమ్మమ్మలే ఆ బొమ్మలకు పాత రవిక గుడ్డలతో పట్టుచీరలు కట్టేవారు.

ఏటికొప్పాక లక్కపిడతలు ఆ ఆటకు పెట్టింది పేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుగు వస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగుల వాడకాన్ని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. పిల్లల కోసం ఓ లక్కపిడతల సెట్టు కొనగలిగితే మంచిదే. దాని చుట్టూ ఇల్లు మాత్రం మనమే కట్టుకుందాం.

బంగారు బండి కావాలని ఏడిస్తే?

'అట్ట కుర్చీ ఎవరికి కావాలి? పక్కింటి పాపకున్న లాంటిదే కొనిపెట్టు' అని పిల్లలు మారాం చేస్తే ఏం చేయాలి? ఈ సమస్య మన సాహిత్యానికి కొత్త కాదు. శూద్రకుడి 'మృచ్ఛకటికం' (అంటే మట్టిబండి) నాటకానికి ఆ పేరు వచ్చిందే ఇలాంటి ఏడుపు వల్ల. నాయకుడు చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లాడి బంగారు బండితో ఆడుకుని వస్తాడు. ఇంట్లో దాసి మట్టిబండి చేసిస్తే వద్దని ఏడుస్తాడు. నాయిక వసంతసేన తన నగలు ఆ మట్టిబండిలో పోసి ఊరడిస్తుంది. కథ అక్కడి నుంచి మలుపు తిరుగుతుంది.

ఆ మట్టిబండిని దాసి ఒక్కతే చేసి ఇచ్చింది. పిల్లాడి చెయ్యి అందులో పడలేదు. మనం గమనించాల్సిన చిక్కు ఇదే. పిల్లలు నిద్రపోయాక అర్ధరాత్రి దాకా కూర్చుని తల్లో తండ్రో అందంగా బొమ్మరిల్లు తయారుచేసి పొద్దున్నే చూపిస్తే, పిల్లల లెక్కలో అదీ కొన్న బొమ్మలాంటిదే. రెండు రోజుల్లో మోజు తీరిపోతుంది. తాను కత్తిరించిన అట్ట, తాను పూసిన రంగు ఉన్న వంకర కుర్చీని మాత్రం అంత తొందరగా పారేయరు.

మరియా మాంటిస్సోరీ అనుభవమూ ఇటే చూపిస్తుంది. 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం తెరిచాక, అక్కడికి చేరిన ఖరీదైన ఆటబొమ్మల్ని పిల్లలు పెద్దగా పట్టించుకోలేదని ఆమె రాసింది. వాళ్లకు కావలసింది చేతికి పని. నిజంగా ఊడ్చడం, నిజంగా గిన్నె కడగడం. 1939లో మద్రాసు వచ్చి ఆమె ఇక్కడి ఉపాధ్యాయులకూ ఇదే నేర్పింది. బొమ్మ సామాను తయారీ కూడా నిజమైన పనే. కొలవడం, కోయడం, అతకడం, ఆరేదాకా ఆగడం... అన్నీ అసలైన పనులే.

ముందు లెక్క కుదరాలి

చూడగానే 'భలే ఉందే' అనిపించాలంటే అందులో లెక్క ఉండాలి. మంచం కంటే పెద్ద కుక్కరు, తలుపులో పట్టని బీరువా ఉంటే ఆటలో ఏదో తేడా కొడుతుంది. బొమ్మరిళ్లు చేసేవాళ్లు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలత ఒకటికి పన్నెండు. అంటే నిజం ఇంట్లో అడుగు, బొమ్మ ఇంట్లో అంగుళం. రాణి మేరీ ఇల్లూ ఈ లెక్కనే కట్టారు. మేస్త్రీలూ వడ్రంగులూ ఇప్పటికీ అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడతారు కాబట్టి మన ఇళ్లకు ఇది తేలిక.

ఏడడుగుల గుమ్మం 7 అంగుళాలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మంచం 6x4 అంగుళాలు. ఆరున్నర అడుగుల బీరువా ఆరున్నర అంగుళాలు. ఐదడుగుల ఫ్రిజ్ 5 అంగుళాలు. అంగుళాల్లో కొలిచిన వాటిని 12తో భాగిస్తే సరి. కుర్చీలో కూర్చునే ఎత్తు 18 అంగుళాలైతే బొమ్మకు అంగుళంన్నర. భోజనాల బల్ల ఎత్తు 30 అయితే రెండున్నర. 33 అంగుళాల వంటగట్టు రెండుముప్పావు. ఐదున్నర మీటర్ల చీర కూడా ఈ లెక్కకు లొంగాల్సిందే. 46 సెంటీమీటర్ల పొడవు, సుమారు 10 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డముక్క చాలు, బొమ్మకు కుచ్చిళ్లు, పైట అన్నీ వస్తాయి.

ఇంట్లో అప్పటికే బార్బీ ఉంటే ఈ కొలత పనికిరాదు. ఆ బొమ్మ పదకొండున్నర అంగుళాల పొడుగు. దానికి అడుగుకు 2 అంగుళాలు పెట్టుకోవాలి. అందుకే ఇల్లు కట్టే ముందు ఇంట్లో ఉండబోయేది ఎవరో తేల్చుకోండి. చెక్క బట్టల క్లిప్పుకో, ఐస్‌క్రీం పుల్లకో ముఖం గీసి గుడ్డ చుట్టినా కుటుంబం సిద్ధమవుతుంది.

కొలిచే పని మాత్రం పిల్లలదే. టేపు వాళ్ల చేతికిచ్చి, మీరు కాగితం మీద రాసుకోండి. 'అమ్మమ్మా, మన వంటగట్టు నీకు ఎత్తయింది కదూ, బొమ్మకి కొంచెం కిందకి పెడదామా?' అని మనవరాలు అడిగిందంటే ఆ ఆదివారం ఊరికే పోనట్టే. భాగహారం పుస్తకంలోంచి బయటికొచ్చి వంటింట్లో నిలబడింది.

ఇంటికి పెట్టెలు, తలుపులకు శుభలేఖలు

గోడలు కట్టడానికి చెప్పుల పెట్టెల్ని మించినవి లేవు. పెట్టెను పొడవు వైపు పక్కకు నిలబెడితే సుమారు 12 అంగుళాల వెడల్పు, 7-8 అంగుళాల ఎత్తున్న గది వస్తుంది. లోతు కాస్త తక్కువే కానీ ముందు గోడ లేదు కాబట్టి ఆటకు అడ్డం రాదు. నాలుగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి క్లిప్పులతో బిగిస్తే అపార్ట్‌మెంటు. పక్కపక్కన పెడితే పెంకుటింటి వరస. అతికించకండి. వారానికోసారి ఇల్లు మార్చుకోవడం ఆటలో సగం సరదా. పెద్ద గది కావాలంటే ఆన్‌లైన్ ఆర్డర్లతో వచ్చే అట్టపెట్టెలు ఉండనే ఉన్నాయి.

ఫర్నిచర్‌కు మన ఇళ్లలో దొరికే మంచి సరుకు శుభలేఖలు. దళసరి కాగితం, బంగారు అంచులు, వినాయకుడి బొమ్మ... ఏటా కట్టలు కట్టలుగా వస్తాయి. సాదా వైపు పైకి పెట్టి మడిస్తే టీవీ బల్ల, అల్మారా, పుస్తకాల అర తయారు. బంగారు రంగు వైపు పూజామందిరానికి. శుభలేఖ మీది వినాయకుణ్నే కత్తిరించి గూట్లో పెడితే పటం కూడా కుదిరిపోతుంది. అట్టను మడిచే చోట ముందు స్కేలు ఆనించి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీయాలి. అప్పుడు మడత వంకర పోదు. దుకాణం బొమ్మలా శుభ్రంగా కనిపించడానికి గుట్టు ఈ ఒక్క గీతే.

సొరుగులకు అగ్గిపెట్టెలు. ఆరింటిని రెండు వరసలుగా అతికించి చుట్టూ రంగు కాగితం చుడితే సొరుగుల బల్ల సిద్ధం. పిడికి రవిక హుక్కో, చిన్న పూసో కుట్టాలి. గుమ్మానికి తోరణం ఆకుపచ్చ దారంతో, తెరలు పాత చీర అంచుతో, తివాచీ దర్జీ దగ్గర పీలికలతో. గోడ అద్దానికి పాత గాజులో వెండిరంగు కాగితం.

నవారు మంచం అల్లుదాం

బొమ్మ సామానంతటిలో పిల్లల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేది నవారు మంచం. కోళ్లకు అరిగిపోయిన పెన్సిళ్లు తీసుకోండి. పెన్సిల్ మందం 7 మిల్లీమీటర్లు, 12తో గుణిస్తే 8 సెంటీమీటర్ల కోడు. సరిగ్గా మన పాత మంచాల కోళ్ల లెక్క! అంగుళంముప్పావు చొప్పున నాలుగు ముక్కలు పెద్దవాళ్లు కోసివ్వాలి. పట్టెలకు కబాబ్ గుచ్చే వెదురు పుల్లలు. పొడవు పట్టెలు రెండు 6 అంగుళాలు, అడ్డపట్టెలు రెండు 3 అంగుళాలు. పుల్లల మొనలు ముందే తుంచేయండి.

కోళ్ల కింది నుంచి అంగుళంపావు ఎత్తున పట్టెలు ఆనించి తెల్ల జిగురు పెట్టి, ఆ మూల మీద దారం ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. జిగురు ఒక్కటే అయితే రెండు రోజులకు ఊడుతుంది. దారం చుట్టు పడితే బొమ్మ దాని మీద గెంతినా కదలదు. రాత్రంతా ఆరనివ్వండి.

నవారుకు పావు అంగుళం వెడల్పు రిబ్బన్ కావాలి. బహుమతుల పొట్లాలకు చుట్టేదైనా ఫరవాలేదు, గుడ్డదైతే ఇంకా మంచిది. దాదాపు 5 మీటర్లు పడుతుంది. ముందు పొడుగునా పన్నెండు పేటలు పక్కపక్కన వేసి, చివరలు పట్టె కిందికి మడిచి అతికించాలి. తర్వాత అడ్డంగా... ఒక పేట మీదుగా, ఒక పేట కిందుగా. రెండో వరసలో దానికి తిరగబడి. రిబ్బన్ చివర సేఫ్టీ పిన్ను గుచ్చి, లంగాకు నాడా ఎక్కించినట్టు దూర్చుకుంటూ పోతే ఆరేడేళ్ల పిల్లలకూ చేతనవుతుంది. మూడు వరసలు పూర్తయ్యేసరికి గళ్లు తేలతాయి. అక్కడి నుంచి పిల్లలు మిమ్మల్ని చెయ్యి వేయనివ్వరు.

చివరి అడ్డపేట మాత్రం అతికించకుండా ముడి వేసి వదలండి. కొన్నాళ్లకు అల్లిక వదులవుతుంది. ముడి విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. నిజం నవారు మంచానికీ ఏటా చేసే సేవ అదే కదా. పరుపుకు దూది, దిండుకు గలేబు, దుప్పటికి పాత చేతిరుమాలు... ఇవి ఎలాగూ వాళ్లే అడిగి కుట్టించుకుంటారు.

బొమ్మ వంటింట్లో బియ్యం ఎంత?

పిల్లల మనసు వంటింట్లోనే ఉంటుంది, కాబట్టి అక్కడ ధారాళంగా ఉండండి. కుక్కరుకు టూత్‌పేస్టు మూత. అడ్డకొలత 17 మిల్లీమీటర్లుంటే నిజంలో 8 అంగుళాల కుక్కరన్నమాట. రెండు పొట్టి పుల్లలు పిడులుగా అతికిస్తే సరి. రూపాయి బిళ్ల మీద అల్యూమినియం రేకు పెట్టి వేలితో ఒత్తి, అంచులు మడిస్తే భోజనం కంచం. పొయ్యి కోసం అగ్గిపెట్టెకు రేకు చుట్టి, బర్నర్లకు రెండు టిచ్ బటన్లు కుట్టాలి. హోమియో మాత్రల ప్లాస్టిక్ సీసాకు ఎర్ర కాగితం చుడితే గ్యాస్ బండ. ఖాళీ అయిన కంటి చుక్కలమందు సీసాను బాగా కడిగి, ముక్కు కోసి బోర్లిస్తే 20 లీటర్ల నీళ్ల క్యాను.

పోపుడబ్బా లేకపోతే తెలుగు వంటిల్లు పూర్తికాదు. సిరప్ సీసా మూతలో అట్టతో చేసిన ఏడు బుల్లి గుంటలు. వాటిలో పసుపు, కాఫీపొడి, ధనియాల పొడి, గసగసాలు చిటికెడేసి. కారం మాత్రం వద్దు, ఆటలో చెయ్యి కంట్లోకి పోతుంది. ఇక్కడా ఓ తమాషా లెక్క ఉంది. గసగసం గింజ సుమారు ఒక మిల్లీమీటరు. బొమ్మ ఇంటి లెక్కలో అది 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు కుంకుడు గింజంత. ఇక మన బియ్యపు గింజ ఆ ఇంట్లో అరచేతి వెడల్పు ఉంటుంది! బొమ్మలు అన్నం వండుకోవాలంటే బొంబాయి రవ్వే వాళ్లకు బియ్యం. ఈ లెక్క ఒకసారి చెప్పి చూడండి, డబ్బాలన్నీ దించి ఏ గింజ ఏమవుతుందో పిల్లలే వెతుకుతారు.

రోలు, రుబ్బురోలు, బిందె, కుండ లాంటి గుండ్రటి సామానుకు కాగితం గుజ్జు. పాత రోజుల్లో తట్టలు, బుట్టలు చేసిన పద్ధతే. దినపత్రికలు చించి రెండు రోజులు నానబెట్టి, నానిన మెంతులు కలిపి రుబ్బాలి. మెంతుల జిగట గుజ్జును పట్టి ఉంచుతుంది. గోలీ మీదో, సీసా మూత మీదో మెత్తి నీడన ఆరబెట్టి, పైన నలుపో రాగిరంగో వేస్తే రాతి రోలు, రాగి బిందె.

కొండపల్లి నేర్పే కిటుకు

అతుకులు కనిపించకుండా చేయడం ఎలాగో కొండపల్లి పనివారిని చూసి నేర్చుకోవాలి. వాళ్ల బొమ్మ ఒకే చెక్కలోంచి రాదు. తేలికైన తెల్ల పొణికి కర్రతో కాళ్లు, చేతులు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు'తో అతుకుతారు. ఆ ముద్దే సందుల్నీ పూడుస్తుంది. ఆరాక రుద్ది, తెల్ల పూత వేసి, ఆపైన రంగులు. నిర్మల్ బొమ్మలకూ పొణికి చెక్కే ఆధారం.

ఇంట్లో చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి సన్నటి సెగ మీద ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అందులో వడ్రంగి దుకాణం నుంచి తెచ్చిన మెత్తటి పొట్టు కలిపితే మన మక్కు సిద్ధం. సోఫా మూలలు, బీరువా సందులు దీంతో నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే అగ్గిపెట్టె గుర్తు కూడా మిగలదు. మైదా జిగురైనా సరే. పోస్టర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు, పిల్లల వస్తువులకు ఆ పని చేయకండి. అది విషం.

సెలవులకు ఊరు వెళ్తే సరుకు ఇంకా దండి. జొన్నదంటు పైపెచ్చు ఒలిస్తే గట్టి పేళ్లు, లోపల మెత్తని బెండు. బెండు ముక్కల్లోకి పేళ్లు గుచ్చుకుంటూ పోతే జిగురు లేకుండానే కుర్చీ, మంచం, ఎడ్లబండి వస్తాయి. పేడు అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి ఒలిచే పని పెద్దవాళ్లది. తాటాకుతో చాపలు, విసనకర్రలు, కొబ్బరి ఈనెలతో చీపుళ్లు, తడికెలు. అట్లాంటాలోనో, మెల్‌బోర్న్‌లోనో ఉండే మనవల దగ్గరికి వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు పచ్చళ్లతోపాటు కాస్త నవారు ముక్క, నాలుగు లక్కపిడతలు సర్దుకుంటే అక్కడి చలికాలం సాయంత్రాలకు మంచి పని దొరుకుతుంది. తాతయ్యల ఇల్లు ఎలా ఉండేదో అక్కడి పిల్లలకు బొమ్మల్లో కట్టి చూపించవచ్చు.

ఇది అమ్మాయిల ఆటేనా?

న్యూరెంబర్గ్ కాలం నుంచి ఈ ముద్ర ఉంది. దాన్ని మోయాల్సిన అవసరం మనకు లేదు. కొలత, కోత, అతుకు, బరువు ఎక్కడ నిలుస్తుంది అన్న ఆలోచన... ఇవి మగపిల్లలకు ఎందుకు వద్దు? వంటింటి సామాను చేసిన అబ్బాయికి వంటింట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో తెలుస్తుంది. ఆ తెలివి పెద్దయ్యాక పనికొస్తుంది, ఇంట్లో వాళ్లకు మరీ.

ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1970ల చివర్లో మధ్యప్రదేశ్ గ్రామీణ బడుల్లో సైన్సు పాఠాల కోసం పనిచేస్తూ, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకృతులు కట్టించాడు. పారేసే వస్తువులతో వందలాది ఆటబొమ్మలు తయారుచేయడం నేర్పినందుకు 2018లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ పద్ధతి బొమ్మరింటికీ పనికొస్తుంది. మందు తలలు తీసేసిన నాలుగు అగ్గిపుల్లలతో చతురస్రం కట్టి నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. ఐమూలగా ఇంకో పుల్ల పెడితే కదలదు. కుర్చీ కాళ్లు ఎందుకు ఊగుతాయో, కరెంటు టవర్‌లో అన్ని త్రిభుజాలెందుకో రెండూ ఒకేసారి అర్థమవుతాయి. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ కూడా బొమ్మలతో పాఠాలు చెప్పే పద్ధతి మీద టీచర్లకు పుస్తకం తెచ్చింది. అది బడి దాకా వచ్చేలోపు ఇంట్లో మొదలుపెట్టొచ్చు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

దుకాణం బొమ్మల మీద 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంట్లో చేసిన వాటికి తనిఖీ అధికారి మీరే.

* మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో బుల్లి సామాను నేలమీద వదలొద్దు. అట్టలో 4 సెంటీమీటర్ల రంధ్రం చేసి పెట్టుకోండి. అందులోంచి జారిపోయే ప్రతి వస్తువూ పసివాళ్ల గొంతుకు ప్రమాదమే అనుకోవాలి.

* దీపాల కోసం బటన్ బ్యాటరీలు వాడకపోవడమే మేలు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

* అందంగా ఉన్నాయని గురివింద గింజలు, ఆముదం గింజలు, గన్నేరు కాయలు అలంకరణకు వాడకండి. మూడూ విషమే. ఎర్రపూసలు కావాలంటే కాగితం చుట్టి రంగు వేయండి.

* పిల్లల చేతికి తెల్ల జిగురే ఇవ్వాలి. క్షణంలో అంటుకునే గాఢ జిగుర్లు, వేడి జిగురు తుపాకీ పెద్దవాళ్ల పని. ఇంటి తలుపులకు వేసి మిగిలిన పాత ఎనామిల్ పెయింట్లలో సీసం ఉండొచ్చు, వాటిని ముట్టుకోవద్దు.

* మందుల సీసాలు, మూతలు వేడినీళ్లతో కడిగి, పేరు చీటీ తీసేశాకే ఆటలోకి. నిజం మందుల డబ్బాతో ఆడుకోవచ్చన్న ఆలోచన పిల్లలకు రానివ్వకూడదు.

సగం వాళ్లకు వదిలేయండి

ఈ పనిలో పెద్దలకు కష్టమైంది ఒక్కటే, ఆపడం. పాప సోఫాకు ఊదారంగు వేస్తే 'అది బాలేదు, ఇలా వేద్దాం' అని కుంచె లాక్కోవాలనిపిస్తుంది. బాబు ఫ్రిజ్‌ను పడగ్గదిలో పెడితే సర్దాలనిపిస్తుంది. వద్దు. గోడలు, కోయడాలు, వేడి చేసే పనులు మీవి. ఏ గది ఎక్కడ, ఏ రంగు ఎక్కడ, ఎవరు ఏ మంచం మీద పడుకోవాలి అన్నవి వాళ్లవి. ఎన్ని వస్తువులు చేసినా కొన్ని గదులు ఖాళీగానే ఉంచండి. అన్నీ అమరిన ఇంట్లో ఆడటానికి ఏమీ మిగలదు.

విరిగితే కొత్తది కొననక్కర్లేదు కాబట్టి విరగడం కూడా ఆటలో భాగమే. కోడు ఊడిన కుర్చీకి మళ్లీ దారం చుట్టుకోవడం వస్తే, రేపు చిరిగిన బ్యాగు, ఊడిన సైకిల్ చైను చూసి బెంబేలెత్తరు. పాడైంది పారేయడమే తెలిసిన రోజుల్లో ఇది చిన్న చదువేమీ కాదు.

వచ్చే సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే పై మెట్ల మీద దేవుళ్లను, కొండపల్లి దశావతారాలను ఎప్పటిలాగే పేర్చండి. కింద నేల మీద, ఏటా ఊరో తోటో అమర్చే చోట, ఈసారి మీ ఇంటినే పెట్టండి. పేరంటానికి వచ్చినవాళ్లు 'ఎక్కడ కొన్నారు?' అని తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మీరు చెప్పకండి. పిల్లల్ని పిలవండి. పెన్సిల్ కోడెందుకయిందో, రవ్వ బియ్యమెలా అయిందో, తలుపు 7 అంగుళాలే ఎందుకుండాలో వాళ్లు మీకంటే బాగా చెబుతారు.